పచ్చ గడిలో టిక్కు

(రాయపూర్, 1998 మే నెల. రైల్వే క్వార్టర్లు. డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న నర్సు విజయకుమారిని నూకరాజు తల్లి దాలమ్మ గుమ్మంలో ఆపింది.)

"ఇప్పుడు కాదు పెద్దమ్మా, ఓపిక లేదు. పొద్దున్నించి క్యాంపులో రెండొందల మందిని తూచాను. రేపొస్తా."

"ఒక్కసారి సూసెల్లు తల్లీ. మావోడి కార్డు. పచ్చ గడిలో టిక్కెట్టారు. మంచిదేనా?"

"మంచిదే. బీఎంఐ ఇరవై ఒకటి పాయింట్ మూడు. ఎత్తుకి తగ్గ బరువు, నార్మల్. ఇక చాలా?"

"నార్మలంటే సాలు. గుండె జబ్బని ఆస్పత్రిలో ఎట్టి ఇంటికంపినప్పుడు నలబై తొమ్మిది. ఇప్పుడు యాబై ఎనిమిది! నా సేతి కూడు మరి."

"ఎన్నాళ్లలో?"

"ఇరవై రోజులు."

"ఇరవై రోజుల్లో తొమ్మిది కిలోలా?"

"దిష్టెట్టకమ్మా."

"దిష్టి కాదు... ఆ అంకెని అంతలా నమ్మకండి. హమాలీ పున్నయ్య రెండేసి బస్తాలు మోస్తాడు, ఒళ్లంతా కండే. అతనికి కార్డులో 'మోటా', అంటే లావని వచ్చింది. తాయారమ్మకి పచ్చ గడే, షుగరు మూడొందలు. గుంపు మొత్తాన్ని చూడ్డానికి పనికొస్తుందేమో గానీ, ఒక మనిషి ఒంట్లో ఉన్నది కండో కొవ్వో నీళ్లో దానికేం తెలుసు?"

"నీల్లేటి, పప్పన్నం ఎడుతుంటే!"

"నూకరాజు కుర్చీలో నిద్రపోతున్నాడేం?"

"పడుకుంటే ఊపిరాడదంట. ఎండలు కదా."

"పొద్దున క్యాంపుకి చెప్పుల్లేకుండానే వచ్చాడా?"

"పట్టట్లేదు. ఒళ్లు సేసాడు కదా."

"పాదాలు ఒళ్లు చేస్తాయా పెద్దమ్మా? ఇలా రండి. వేలితో నొక్కాను. చూడండి, గుంట."

"పూడుతుందిలే."

"పూడట్లేదు. వీడినీ నేనే తూచాను. ముల్లు చూశాను, మొహం చూడలేదు. ఇదంతా నీరే. నాకు భయమేస్తోంది. నీరు లాగే బిళ్ల వేస్తున్నారా?"

"అన్నీ ఏస్తన్నాను."

"తెల్లది. చిన్నది. పొద్దున్నే వేసేది."

"అన్నీ అన్నాను కదా."

"అన్నీ అంటే?"

"డాక్టరు బాబు ఏయమన్నవన్నీ."

"మానమన్నవి కూడా ఉన్నాయా?"

"ఎందుకలా గద్దిస్తావు? ఇరవై రోజులుగా నాకూ నిద్దర్లేదు తల్లీ. ఈ టిక్కు సూసి ఇయాల కునుకు తీద్దామనుకున్నాను."

"గద్దించట్లేదు. ఏ బిళ్ల మానేశారు?"

"ఆ సిన్నదే. అది మత్తు బిళ్లంట. ఒగ్గీమన్నాడు."

"ఎవరు?"

"డాక్టరు బాబే. ఇంటికంపిన రోజు మావోడు ఆటో కోసం ఎల్లాడు. ఆయన ఆ బిళ్ల సూపించి, ఒకటికి రెండుసార్లు సెప్పాడు. వాడికీ అదే సెప్పాను, డాక్టరు మానమన్నాడ్రా అని. వాడి తండ్రి మత్తుకే పోయాడు, నాకొకరు సెప్పాలా?"

"ఆ డాక్టరుకి తెలుగు రాదే!"

"నాను ఈ ఊరొచ్చి నెలే అయినా సెవులున్నాయి కదా. ఛోడ్నా అంటే ఒగ్గీమనే కదా? కూరలామె రోజూ అంటాది."

"ఆయన ఏ మాటన్నాడో, ఉన్నదున్నట్టు చెప్పండి."

"'యే గోలీ మత్ ఛోడ్నా' అన్నాడు."

"నూకరాజూ, లే. చొక్కా వేసుకో."

"ఏటి తల్లీ? మత్తు గోలీ, ఒగ్గీమనే కదా?"

"తలుపు తాళం వేయండి పెద్దమ్మా, రిక్షా పిలుస్తాను. ఇప్పుడే ఆస్పత్రికెళ్లాలి."

"ముందు సెప్పు. ఏటన్నాడు?"

"మత్ అంటే మత్తు కాదు పెద్దమ్మా, వద్దని. బిళ్ల వదలొద్దన్నాడు."