ఎక్స్‌రేకు చిక్కని రాయి

"జేజీ, ఎక్స్‌రేలో కనపడకపోతే రాయి లేనట్టేనా? అమ్మ నడుము పట్టుకొని ముడుచుకొని పండుకుంటే, 'ఉత్త గ్యాసు' అంటాండాడు నాయన. నీకు కోపం రాదా?"

కోపమా... కూచో మే. నన్నూ అట్లే అన్న్యారు. ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనికి పోతాంటి అప్పుడు. ఎండకు బండలు మెరుస్తాంటే, దూరంగా యేదో ఏరు పారుతాండాదా అనిపిస్తాది. నిజం నీళ్లు కడవలో ఉండె, మేం తాగం. ఒంటేలుకు పోవల్లంటే ఆడోళ్లకు చాటు యాడుండాది? మొగోళ్లందరి ముందర గట్టెక్కి పోవల్ల. పొద్దున సంగటి తిని, నోరు తడుపుకొని, సాయంత్రందాకా బిగబట్టుకుంటాంటిమి. తాగినదాన్ని 'కడవమ్మా' అని ఎగతాళి కూడానూ. ఇంగ ఆదివారం చర్చి నుంచి వస్తూనే పొట్టేలు తలకాయ, కార్జం కూర. శానా చవకలే అప్పుడు.

ఒగనాడు పక్కడొక్కలో గునపం దించి తిప్పినట్టాయ. కండ్లు మూస్తే గనిగుంతలో నిలిచిన పచ్చనీళ్లలో తేలుతాండా, చల్లగా... తెరిస్తే మంచమంతా చెమట. ఎక్స్‌రే తీసిరి. ఏమీ లే. మేస్త్రీ 'పని దొంగ' అనె. మీ తాత ఆ ఎక్స్‌రే పటం ఎండకు పట్టి, 'రాయి యాడుండాదే?' అని నగె. నాకే పిచ్చేమో అనుకుంటి మే, నిజంగా.

మా అక్క కడపకు ఈడ్చకపాయె. ఆ డాక్టరమ్మ నడుం కాదు, ముందు నా కాలు చూసె. "బొటనేలు ఎప్పుడన్నా ఎర్రగా ఉబ్బిందా?" ఉబ్బె తల్లీ, దుప్పటి తగిలినా ప్రాణం పోయె, వాతమనుకుంటిమి అంటి. రక్తం, ఒంటేలు పరీక్ష చేయించి, స్కాన్ తీయించె. కిడ్నీలో శనగగింజంత రాయి! "ఇది యూరిక్ యాసిడ్ రాయి. మామూలు ఎక్స్‌రేలో దీని నీడ పడదు. నీళ్లు తక్కువై, ఒంటేల్లో పులుపు, అంటే యాసిడ్, ఎక్కువైతే పేరుకుంటాది. కార్జం అట్లాంటివి, షుగరూ కూడా దీనికి తోడు" అనె. కడుపులో రాయుండాదంటే ఎవరన్నా సంబరపడతారా? నేను పడితి. ఏడిస్తి.

పులుపు తగ్గించే మందిచ్చె, నీళ్లు తాగమనె. కోతా గీతా లేకుండా కరిగిపాయ, మబ్బు విడిపోయినట్టు...

మీ అమ్మకూ షుగర్ ఉండాది గదా. పనిచేసే ఆ గుడ్డలంగట్లో బాత్రూం లేదని పొద్దంతా గొంతు తడుపుకోదు. కాలేజీ పోటీలో వాదించి కప్పు తెస్తివి, సరే. మీ నాయనతో వాదిస్తా కూచోవద్దు. డాక్టరుకు ఇదంతా చెప్పు, స్కాన్ అవసరమేమో అడుగు. జ్వరముంటే మాత్రం ఒక్క గడియ ఆగొద్దు. చల్లగుండు తల్లీ. లెయ్, మీ అమ్మ చెప్పులు యాడుండాయో చూడు. కడప బస్సు వచ్చే యాళయింది.