దొరసాని పట్టుకున్న చీర కొస

ఏంటమ్మాయ్, అప్పడం అలా తుంచి పక్కన పెట్టావు? తిను, తిను. చప్పుడవ్వాలి. దీనమ్మ అనేది, "మాస్టారూ, అప్పడం తిన్నట్టు పక్కింటోళ్ళకి తెలియకపోతే అది అప్పడం కాదండీ, ఆకు" అని. ఏ దీనమ్మా? నువ్వు పుట్టకముందే పోయిందిలే. మన బడి పక్కన అప్పడాల షెడ్డు ఉందా, దానికి మొదటి ప్రెసిడెంటు. ప్రెసిడెంటంటే మళ్ళీ నువ్వు కుర్చీ, బల్లా అనుకునేవు. వరినాట్లు వేసీ వేసీ నడుం పడిపోయిన మనిషి. మొగుడు లాజరు ముందే పోయాడు. నాటుకి పోకపోతే కూడు లేదు, పోతే నడుం లేదు. అలాంటివాళ్ళే ఇంకో పదిమంది పోగయ్యారు, మన పేటలోనే.

అప్పుడొచ్చింది ఆ సంస్థ. నార్వేయో, స్వీడనో, ఏదో చల్లదేశంవాళ్ళది, పేరు నాకు నోరు తిరగదు. చిన్న చిన్న వ్యాపారాలు పెట్టుకునేవాళ్ళకి సాయం చేస్తామని బాపట్లలో ఆఫీసు తెరిచారు. దానికి మేనేజరు నరసింహం గారని, తెనాలాయన. మంచివాడేగానీ ఉత్త కంగారు మనిషి, బస్సు రాకముందే సంచి నెత్తిన పెట్టుకునే రకం. ఆయనే షెడ్డు వేయించాడు. "ఏడాది చూస్తారమ్మా. బాగా నడిస్తే పిండి మిషను ఇస్తారు. నడవలేదో, ఈ రేకులు విప్పి ఇంకో ఊరికి పట్టుకుపోతారు" అన్నాడు. దీనమ్మ ఏమందనుకున్నావు? "పట్టుకుపోతే ఆ రేకులకింద నన్నూ కట్టుకుపొమ్మనండి, నేను మళ్ళీ నాటుకి వంగలేను" అంది. నవ్వుతూనే అందిలే. కళ్ళల్లో మాత్రం నవ్వు లేదు.

ఏం చెప్తున్నా? ఆఁ, ఏడాది తిరిగింది. ఎనభై ఎనిమిదో, తొమ్మిదో, తొంభై తుఫానుకి ముందు. చూసిపోవడానికి ఆ దేశం నించి దొరసాని వస్తోందని కబురు. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చని ఆవిడ మాట వీళ్ళకి, వీళ్ళ మాట ఆవిడకి చెప్పమన్నారు. ఇక చూస్కో మనోళ్ళ హడావుడి! షెడ్డు కడిగారు, సున్నం కొట్టారు, రంగుకాగితాలు కట్టారు. పీటలూ కర్రలూ అటకెక్కించారు. ఎక్కడా చిటికెడు పిండి కనపడదు. మరి తెనాలి పెళ్ళివారి ఆర్డరు ఉందిగా, ముందురోజే పిండి కలిపేశారు, ఆపితే పులిసిపోతుంది. తెల్లారకముందే అప్పడాలు ఒత్తేసి మా బడి డాబా మీద పాత చీరలు పరిచి ఆరేశారు. కింద నించి చూస్తే ఏమీ తెలీదు. "అదేంటే, ఆవిడ చూడ్డానికొచ్చేదే పనిగదా" అన్నా. "ఊరుకోండి మాస్టారూ, చుట్టం వస్తుంటే పిండి చేతుల్తో ఎదురెళ్తామా?" అని దీనమ్మ నా నోరు మూయించింది. నిజమేగా, మన ఇళ్ళల్లో అంతే.

వచ్చింది దొరసాని. పొడుగ్గా, ఎండకి కందిపోయి ఉంది పాపం. షెడ్డంతా ఓసారి కలయజూసింది. పట్టుచీరలు కట్టుకుని వరసగా కూర్చున్న ఆడవాళ్ళని చూసింది. "పని బాగా సాగుతోందా?" అని అడిగింది. దీనమ్మ చేతులు జోడించి, "ఏం సాగుతుందిలేమ్మా, ఏదో, మీ దయ" అంది. మర్యాద! మనం అలాగేగా అంటాం? నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పా. ఆవిడ మొహం చిన్నబోయింది. నరసింహం గారు నా చెవిలో, "అయిపోయింది మాస్టారూ, రేకులు పోయినట్టే" అన్నాడు. దీనమ్మకి వినపడింది. మెడలో ప్రెసిడెంటని వేసిన బంతిపూల దండతో అలా బిగుసుకుపోయి కూర్చుంది.

దొరసాని లేచి మాట్లాడ్డం మొదలెట్టింది. "మీ ఆదరణకి కృతజ్ఞతలు, కానీ" అంది. ఆ కానీ దగ్గరే ఉరిమింది. ఎక్కడినించి వచ్చిందో మబ్బు! "ఓయమ్మో, అప్పడాలే!" అని దీనమ్మ ఒక్క కేక. నడుం లేని మనిషి ఎలా లేచిందో దేవుడికే తెలియాలి, దండతోనే పరుగు. వెనకాల అందరూ పట్టుచీరలు ఎగదోపుకుని! సభలో ఎవరు మిగిలారు? నేనూ, నెత్తి కొట్టుకుంటూ నరసింహం గారూ. దొరసాని కూడా లేదు. వాళ్ళ వెనకే డాబా ఎక్కేసింది. నేనెళ్ళేసరికి ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది, డాబా అంతా అప్పడాలే, కాలు పెట్టే చోటు లేదు. దీనమ్మ ఒక చీర కొస తీసి ఆవిడ చేతిలో కుక్కి, "చూస్తావేంటి దొరసానీ, పట్టుకో గట్టిగా!" అని గదిమింది. దీనికి నేను ఇంగ్లీషు చెప్పక్కర్లేకపోయింది. పట్టుకుంది!

చినుకు పడేలోపు అన్నీ బడిలోకి చేరాయి. ఒకటే నవ్వులు. "ఎందుకు దాచారు?" అని అడిగింది ఆవిడ. దీనమ్మ చెప్పింది, నేను ఇంగ్లీషులో చెప్పా. ఆవిడ మా పిల్లకాయల బల్ల మీద కూలబడి నవ్వింది, కళ్ళనీళ్ళొచ్చేదాకా. వేయించి పెట్టారు, చప్పుడు చేస్తూ తింది. మిషను పంపిస్తానంది. అమ్మయ్య! కారు వెళ్ళిపోయాక దీనమ్మ బడి మెట్ల మీద కూర్చుని, "మాస్టారూ, ఇక నాటుకి పోనక్కర్లేదండీ" అని ఏడ్చింది. నేను నా జన్మలో అంత హాయైన ఏడుపు వినలా.

తొంభై ఏడులో పోయింది. ఆ పొద్దున డాబా మీద అప్పడాలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి, తియ్యడానికి ఎవరికి మనసొస్తుంది? సాయంత్రం సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన ఎత్తుకున్నారు. ఉరిమింది. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు, ఎవరూ కదలరు. దీనమ్మ కూతురు కరుణ పెట్టె మీంచి చెయ్యి తీసి కళ్ళు తుడుచుకుంది. "లెగండే. అమ్మ ఎక్కడికీ పోదు, అప్పడాలు పోతాయి" అంది. అంతే, అందరూ పరుగు. పాస్టరుగారు ప్రార్థన ఆపి, గొడుగు తీసి పెట్టె మీద పట్టారు. వాళ్ళు తిరిగొచ్చి మట్టి వేసేదాకా ఆయనా నేనూ అలాగే నిలబడ్డాం.

ఇదేంటి, మబ్బేసి చీకటి పడ్డట్టుంది? అమ్మాయ్, ఆ పళ్ళెం అక్కడ పెట్టి బడి డాబా మీద ఎవరైనా ఉన్నారేమో చూసిరా.