కల్లంలో నీళ్లు

వినుకొండ బస్టాండులో ఫోన్ చూస్తూనే ఓ అమ్మాయి తన తండ్రి చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"నాన్నా, సీటొచ్చింది! ఫుడ్ టెక్నాలజీ!"

"వంట నేర్చుకోడానికి నాలుగేళ్లు కాలేజీ ఏందే? మీ అమ్మ నేర్పదా?"

"వంట కాదు నాన్నా! తినేదాంట్లో ఏముందో ల్యాబులో తేల్చే చదువు. మన మిరపకాయలు ఓడ ఎక్కాలంటే నాలాంటోళ్ల సంతకం ఉండాలి."

"ఓడా? చానా పెద్ద ఉద్యోగమే! ఏం చూస్తారేంది?"

"బూజు వల్ల పుట్టే విషం. సంచుల్లో తొక్కే ముందు నువ్వు కాయల మీద నీళ్లు చల్లుతావే, దాంతో వచ్చేదే."

"కాయ విరక్కుండా అందరూ చల్లేదేగా. మరి మన కాయలొస్తే?"

"తిప్పి పంపిస్తా."

"నన్నే?"

"ముందు నిన్నే."

ఆయన పకపకా నవ్వి, ఇంటికి ఫోన్ కలిపాడు.

"ఏమే, ఈ ఏడు కల్లంలోకి నీళ్ల బిందె రాకూడదు. మనింట్లో ఆఫీసరమ్మ పుట్టింది!"