మొగుళ్ల బెంచి

కూసో బిడ్డా. గా కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతది, గీ మంచం మీదనే కూసో. రేపే గదా నీ మొదటి మీటింగు? మా అన్న మనుమరాలు సుమన కౌన్సిలరయిందని నిన్న హోటల్ కాడ నలుగురికి చెప్పిన. నలుగురు గూడ ఎరుకనే అన్నరు, ఇంకో ముచ్చట ఎత్తుకున్నరు. నా మాటకు గంతే విలువ. ఏమన్నవ్? మీ అనసూయవ్వ మీటింగుల ఎట్ల మాట్లాడుతుండె అనా? అది నన్నడుగుతున్నవా? నేను లోపలుంటె గదా. ఐదేండ్లు కౌన్సిలర్ మీ అవ్వ, నాలుగేండ్లు బయట బెంచి మీద నేను. ఆమె పోయి పదకొండేండ్లాయె. నేను చెప్పబోయే మీటింగయి ఇరవై ఏండ్లు దగ్గరికొచ్చింది. అయినా ఎవరన్న అడిగితె నాకు ముందుగాల బెంచే యాదికొస్తది. సిమెంటు బెంచి, ఎండకు కాలుతుండె.

అసలు నిలవడాల్సింది నేను. షక్కర్ ఫ్యాక్టరీల చెరుకు కాంటా కాడ పని చేస్తుంటి గదా, అది బందయినంక నాకు ఏం పని లేకుండె, అందుకని లీడర్నయిన. రెండేండ్లు తెల్ల బట్టలేసుకొని చావులకు, పెండ్లిళ్లకు తిరిగిన. తీరా మన వార్డు ఆడోళ్లకు పోయింది. పార్టీ పెద్దమనిషి ఏమన్నడు, 'లింబయ్యా, ఫికర్ చెయ్యకు, మీ ఇంటామెను నిలవెట్టు, పని నువ్వే చేద్దువు' అన్నడు. ఇంటికొచ్చి చెప్పిన. ఆమె చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతున్నది. 'పొద్దుమీకేసరికి వెయ్యి బీడీలు అప్పజెప్పాలె, నేను నిలవడితె అవి ఎవరు చుట్టాలె?' అన్నది. 'నువ్వు సంతకం పెట్టు సాలు, కడమది నేను సూసుకుంట' అన్న. సంతకం పెట్టింది. గెలిచింది గూడ, మంచి మెజార్టీతోటి. ఆమె గెలిస్తె దండలు నా మెడల పడ్డయి. నేను వద్దనలే. నిజామాబాద్ పోయి కార్డులు గొట్టించుకొచ్చిన, 'కౌన్సిలర్ లింబయ్య' అని. ప్రెస్సాయన ఏమో కాయిదం సూసి 'అన్నా, కౌన్సిలర్ మీరు గాదు గదా' అన్నడు. అయితె నడుమల 'అనసూయమ్మ భర్త' అని పెట్టు, అక్షరాలు జెర సన్నగ పెట్టు అన్న. ఎంత సన్నగ పెట్టిండంటె, చదవాలంటె చీమకు గూడ అద్దాలు కావాలె. నాకు మస్తు ఖుషీ అయింది.

మొదటి ఏడు నేను లోపలికే పోతుంటి. ఆమె పక్క కుర్చీల కూసొని, ఆమె దిక్కు నుంచి నేనే మాట్లాడుతుంటి. తర్వాత కొత్త కమిషనరొచ్చిండు, పడుసు పిలగాడు. 'గెలిచినోళ్లు లోపలికి, తోడొచ్చినోళ్లు బయటికి' అన్నడు. అయిదుగురం మొగుళ్లం బయటవడ్డం. పక్క వార్డు కౌన్సిలర్ హఫ్సా భర్త షాహిద్ ఉండె సూడు, పొడుగ్గ, చెప్పుల దుకాణం షాహిద్, ఆయన నా పక్కనే. అటెంక అటెండర్లు గూడ గా బెంచిని మొగుళ్ల బెంచి అనుడు షురూ చేసిండ్రు. నన్ను ఎవరన్న ఎతుక్కుంటొస్తె, 'లింబన్ననా? అగో, మొగుళ్ల బెంచి మీదున్నడు' అనేది. ఇజ్జత్ ఎంతుండెనో సూడు.

ఇగ అసలు సంగతి చెప్త. అప్పట్ల మన మున్సిపాలిటీల పైసల్లేవు. సఫాయోళ్లకు మూడు నెలల జీతం బాకీ, చెత్త ట్రాక్టర్ డీజిల్ లేక నిలవడ్డది. గప్పుడే ప్లాట్ల ఎర్రన్న వచ్చిండు, బోధన్ రోడ్డు మీది చెరుకు చెల్క కొన్నడు, మూడు వందల ప్లాట్లు చేస్త అన్నడు. చెరుకు కొనేటోడు లేడాయె, రైతులు సంబురంగనే అమ్ముకున్నరు. చైర్మన్ సాబ్ గూడ ఖుషీ, లేఅవుట్ ఫీజు వస్తె జీతాలియ్యొచ్చు గదా. అది తప్పంటవా? అనరాదు. పని చేసినోడు జీతం అడుగుతడు. అయితె ఎర్రన్న అడిగిందేంది, ఆయన కాలనీకి మున్సిపాలిటే రోడ్డెయ్యాలె, కాలనీ నీళ్లు పోయే మోరి తెచ్చి మన గల్లీ మోరిల కలపాలె. చెల్క మీదికి, మన గల్లీ కిందికి. ముందే వానొస్తె మన గల్లీల మోకాళ్ల మట్టం నీళ్లు. రాములవ్వ ఇంట్లనైతె మంచం కింద చెప్పులు తేలుతుండె. తునికాకు తడిస్తె బీడీ పగులుతది, కార్ఖానల పనికిరాదని ఛాట్ కొట్టి అవతల పారేస్తరు, ఆ దినం కూలి పాయె. గివన్ని నాకు ఎరుకనే. ఎరుక ఉండి గూడ నేను ఎర్రన్న దిక్కే ఉన్న. ఎందుకంటె, దాసుకునుడు ఎందుకిప్పుడు, మూల ప్లాటు నీకే అన్నడు నాకు. తూర్పు మొఖం, రెండు దిక్కుల రోడ్డు.

నాకు నిద్ర పట్టలే. రోజు స్కూటరేసుకొని పోయి గా నాలుగు హద్దు రాళ్లను సూసొస్తుంటి. ఇది వంటర్ర, ఇది దేవునర్ర, ఇక్కడ బల్ల, నేను కూసుంటె మంది వచ్చి దండం పెడతరు అని అడుగులేసి కొలుస్తుంటి. ఒకనాడు మీ అవ్వను గూడ తోలుకపోయిన. ఆమె నా వంటర్ర సూడలే. చెల్కల నిలవడి కిందికి, మన గల్లీ దిక్కు సూసింది. 'వానొస్తె గీ నీళ్లు యాడికి పోతయి?' అన్నది. 'ఏమో, యాడికన్న పోతయి, నీళ్లకు మనం చెప్పాల్నా' అన్న నేను. ఆమె గా ఒడ్డు పొంటి నాలుగడుగులేసింది. నేనే కదా అసలు కౌన్సిలర్ను, నా మాట సమజయింది తియ్యి అనుకున్న.

తెల్లారి ఆమె బీడీలు ఆపి యాడికో పోయింది. నాకు చెప్పలే. తర్వాత ఎరుకయింది, మున్సిపాలిటీల గులాం సాబ్ ఉండె, వర్క్ ఇన్‌స్పెక్టర్, రిటైర్మెంటుకు ఇంక ఆర్నెల్లున్నది ఆయనకు. ఆయనను అడిగి, చెల్క కాడినుంచి మన గల్లీ దాక, మళ్ల చెల్క ఒడ్డు పొంటి వాగు దాక ఇద్దరు నడిచిండ్రు. కట్టె పెట్టి లోతు కొలిచిండ్రు. నేను అప్పుడు హోటల్ల కూసొని కాలనీకి ఏం పేరు పెడితె బాగుంటదో చెప్తున్న మందికి.

మీటింగు నాడు పొద్దుగాల ఆమెకు మస్తు సార్లు చెప్పిన. 'ఎర్రన్న కాలనీది, ఏడో నంబరు ఐటం రాంగనే చెయ్యి లేపు. గంతే. వేరే ఏం మాట్లాడకు.' 'లేపితె ఏమయితది?' అన్నది. 'పాసయితది' అన్న. 'ఆహా' అన్నది, కొప్పు చుట్టుకొని పోయింది. నేను తెల్ల బట్టలేసుకొని బెంచి మీద కూసున్న. కిటికీ జెర మీదికుంటది, నాకు అందదు. షాహిద్ బెంచెక్కి సూస్తున్నడు, నాకు చెప్తున్నడు. ఆరో నంబరైంది, ఏడొచ్చింది. షాహిద్ అన్నడు, 'లింబన్నా, భాభీ లేచింది.' 'చెయ్యి లేపిందా?' అన్న. 'చెయ్యి కాదన్నా, మనిషే లేచింది' అన్నడు.

నేను గూడ బెంచెక్కిన, మునివేళ్ల మీద నిలవడ్డ. మీ అవ్వ పెద్దగ మాట్లాడదు కదా, లోపల ఎవ్వరు సప్పుడు చేస్తలేరు, అందుకని వినవడ్డది. 'కాలనీ వద్దంటలేను సార్. ఇండ్లు కావాలె మందికి. ఫీజు తీసుకోండ్రి, సఫాయోళ్లకు జీతాలియ్యుండ్రి. గానీ కాలనీ మోరి మా గల్లీల కలపొద్దు. చెల్క ఒడ్డు పొంటి వాగు దాక ఎర్రన్ననే తవ్వించాలె, అది అయినంకనే ప్లాట్లు అమ్మాలె' అన్నది. చైర్మన్ సాబ్ నెమ్మదిగనే అన్నడు, మంచి మనిషాయన. 'అమ్మా, గంత ఖర్చంటె ఎర్రన్న వేరే ఊరికి పోతడు. ఫీజు రాదు. రేపు సఫాయోళ్లొచ్చి అడిగితె నువ్వు చెప్తవా జవాబు?' నేను బయట మొక్కుతున్న, కూసోవే, కూసోవే అని. ఆమె ఏమన్నదంటె, 'యాడికి పోతడు సార్? కొన్న భూమి సంచిల పెట్టుకొని పోతడా?' అన్నది. హాలంత నవ్విండ్రు. షాహిద్ గూడ నవ్విండు నా పక్కన. గులాం సాబ్‌ను పిలిచి అడుగుండ్రి అన్నది ఆమె. ముసలాయన చేతులు కట్టుకొని నిలవడ్డడు, ఆర్నెల్ల నౌకరీ మిగిలిన మనిషి, ఎటో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. 'జీ సాబ్. నేను గూడ నడిచి సూసిన. నీళ్లు బస్తీలకే దిగుతయి' అన్నడు.

చైర్మన్ సాబ్ ఒక మాట పెట్టిండు మళ్ల. 'మంచిదమ్మా. మరి మీ గల్లీ ఇంటి పన్ను ఎన్నేండ్ల కిందిదో ఎరుకనా? అది పెంచుడుకు ఒప్పుకుంటవా? అందరు అడుగుడే గానీ ఇచ్చుడు లేకపాయె.' నేను లోపల్లోపల అనుకున్న, ఇగ దొరికింది, ఒప్పుకోదు, కూసుంటది. ఆమె ఒప్పుకున్నది. 'పెంచుండ్రి, నేను చెప్పుకుంట మా గల్లీల' అన్నది. మార్చిన తీరుగ చేతులు లేపుమన్నరు. షాహిద్ లెక్కవెడుతున్నడు, నవ్వుకుంట, నన్ను సూసుకుంట. లెక్కవెట్టుకుంట లెక్కవెట్టుకుంట ఒక్కసారి లెక్క తప్పిండు. ఏందిరా అన్న. 'హఫ్సా గూడ లేపిందన్నా' అన్నడు. ఆయనకు గూడ ఒక ప్లాటు చెప్పి ఉండె ఎర్రన్న. ఏడో నంబరు మార్చిన తీరుగ పాసయింది, ఇద్దరం బెంచి దిగినం. ఎవల చెప్పులు వాళ్లం తొడుక్కున్నం.

ఇంటికొచ్చినంక నేను మస్తు లొల్లి చేసిన. నా ఇజ్జత్ పోయింది, నా నోటికాడి ప్లాటు పోయింది అన్న. ఆమె చాట ముందటేసుకొని కూసున్నది. 'ప్లాటు ఎవల పేరు మీద రాస్త అన్నడు?' అన్నది. 'నీ పేరు మీదనే' అన్న, రూల్స్ తెలుసు గదా నాకు. 'నా పేరు మీదనైతె నేనే వద్దంటున్న తియ్యి' అన్నది. పదకొండు దినాలు నేను ఆమెతోటి మాట్లాడలే. గోడకు చెప్తుంటి, 'అన్నం పెట్టుమను' అని. ఆమె గోడకు జవాబియ్యకపోతుండె, అన్నమైతె పెడుతుండె. పన్నెండోనాడు తొక్కుల ఉప్పు తక్కువైతె మాట్లాడాల్సొచ్చింది.

గల్లీల ఏమన్న మెచ్చుకున్నరా అంటె అదీ లేదు. వాన ఇంక రాలే, పన్ను కాయిదం ముందొచ్చింది. 'మనల్ని ముంచింది అనసూయ' అన్నరు ఆడోళ్లంత. కార్ఖాన కాడ పక్కన కూసోకపోయిండ్రు. ఆమె ఇంటింటికి పోయింది. నేను తోడు పోలే. నాకేమో మనసుల సంబురమే, నా మాట ఇంటె గిట్లయితుండెనా అని. తలుపు తియ్యనోళ్ల అరుగు మీద కూసొని, బీడీలు చుట్టుకుంట కాసుకున్నది, తీసేదాక. తిట్టిచ్చుకున్నది, చెప్పుకున్నది. ఎర్రన్న ఏడాది గులిగి గులిగి వాగు దాక మోరి తవ్విచ్చిండు. ప్లాట్లన్ని అమ్ముడువోయినయి, యాడికి పోలే ఆయన. సఫాయోళ్లకు రెండు నెలలది ఒక్కసారే ఇచ్చిండ్రు, ఒక నెలది మళ్ల బాకీనే ఉండె, అన్ని పూరా అయినయని చెప్పను. నా మూల ప్లాట్ల ఇప్పుడు బేకరీ ఉన్నది. నేను పోత అప్పుడప్పుడు, పఫ్ తింట, దేవునర్ర ఉండాల్సిన కాడ కూసొని.

వానకాలమొచ్చింది, రాములవ్వ మంచం కిందికి నీళ్లు రాలే. ఆ మీదటేడు గూడ రాలే. ఎవ్వరు ఏమనలే. వచ్చిన నీళ్లను యాది పెట్టుకుంటరు గానీ రాని నీళ్లను ఎవరు యాది పెట్టుకుంటరు చెప్పు. మీ అవ్వ గూడ ఎవ్వరికి యాది చెయ్యలే. ఐదేండ్లయినంక చాట ముందటేసుకొని మళ్ల వెయ్యి బీడీలు.

నేను యాది చేసిన. తర్వాత ఎలక్షన్లు నాలుగేండ్లు ఆలస్యంగ వచ్చినయి, వార్డు జనరలయింది, ఇగ ఆగుతనా. గా మోరి పక్కన నిలవడి ఫొటో దిగిన, చెయ్యి ఇట్ల సాపి. 'మీ మోరి తెచ్చిన మీ లింబయ్య' అని పాంప్లెట్ కొట్టిచ్చిన. ఈసారి భర్త అని సన్నగ గూడ రాయలే. చౌరస్తల మీటింగు పెట్టి మోరి కథంత నేనే నడిచినట్టు, నేనే కట్టె పెట్టి కొలిచినట్టు చెప్తున్న. ముందట వరుసల రాములవ్వ కూసున్నది, చెవులు వినరావు ఆమెకు, అందుకని పెద్దగ మాట్లాడుతది. పక్కామెను అడిగింది, 'ఏం చెప్తుండే లింబిగాడు?' మోరి తెచ్చిండట అన్నదామె. 'వీడా? వీడు బెంచి మీదుండె గద' అన్నది. మైకుల గూడ వినవడ్డది. మీ అవ్వ ఎనుకల నిలవడి ఉండె. నేను ఆమె మొఖం దిక్కు సూడలే.

పంతొమ్మిది ఓట్లొచ్చినయి నాకు. నవ్వు, నవ్వు, నేను గూడ నవ్విన, రెండు మూడేండ్లయినంక. ఓట్లు లెక్కవెట్టిన రాత్రే అడిగిన ఆమెను. 'నువ్వన్న ఏసినవా నాకు?' అన్న. ఆమె చుడుతున్న బీడీ కొస మలిచి, దారం కట్టి, చాటలేసి, 'ఓటు ఎవలకేసింది చెప్పొద్దంట గద' అన్నది. చెప్పలే. మళ్లేడు ఆమెకు పాణం బాగలేక నిజామాబాద్ దవాఖానల ఇరవై దినాలుంటిమి. అక్కడ గూడ అడుగుదామని నోటి దాక వచ్చింది, అడగలే. ఒక్కనాడు ఆమెనే నన్ను సూసి నవ్వింది, దేనికో. గా పంతొమ్మిదిని నేను లెక్కవెట్టుకున్న బిడ్డా, మందిని అడిగి, మొఖాలు సూసి. నాదొకటి. కొడుకుది, కోడలిది. షాహిద్ పక్క వార్డాయె, ఆయనది లేదు. హోటలాయన, కాంటా కాడ నాతోటి పని చేసినోళ్లు, మా మేనత్త ఇంటోళ్లు. పద్దెనిమిది మంది దొరికిండ్రు. ఒక్కటి దొరుకుతలేదు. పదకొండేండ్ల సంది ఎతుకుతున్న, ఇగ ఎవరు మిగిలిండ్రని...

ఆగు, నల్లా వచ్చినట్టున్నది. గా బిందె ఇటియ్యి, జెర సేపే వస్తది.