రంగు వేయకూడని స్లైడు

1991 జూలై 11వ తేదీన, అమావాస్య నాడు కొత్త ఉద్యోగమేమిటని ఇంటిల్లిపాదీ వారిస్తున్నా వినకుండా, శ్రీమతి రత్నమాల గారు నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా బాధ్యతలు స్వీకరించారు. కాకినాడ నుంచి వచ్చిన ఆ ఇరవై ఆరేళ్ల యువతి, రోగుల శరీరం నుంచి సేకరించిన ముక్కలను కాగితం కన్నా పలుచని పొరలుగా కోసి, గాజు స్లైడుపై పరచి, రంగులద్దడంలో అనతికాలంలోనే సిద్ధహస్తురాలయ్యారు. ఇరవై ఏడేళ్లపాటు స్లైడులకు అద్దే గులాబీ రంగు ఆమె గోళ్లను వదలలేదు. ఆమె కూడా దానిని వదిలించుకోవాలని గట్టిగా ప్రయత్నించిన దాఖలాలు లేవు.

2018లో రాయదుర్గంలోని మన పరిశోధన కేంద్రానికి డిప్యుటేషన్‌పై విచ్చేసినప్పుడు ఆమెకు ఎదురైనది రంగే అక్కర్లేని సూక్ష్మదర్శిని. లేజర్ కాంతిని సూక్ష్మమైన మెరుపులుగా ప్రసరింపజేస్తే కణజాలంలోని పీచులూ కణాలూ తమంతట తామే కాంతినిస్తాయి. రంగు వేస్తే ఆ సహజకాంతి మరుగున పడుతుంది. రంగులద్దడమే వృత్తిగా బతికిన మనిషి మొదట అలిగారు. ఆపై మెట్రోలో నిలబడి నోట్సు చదువుతూ, ఆరు నెలల్లో ఆ విద్యనూ ఔపోసన పట్టారు.

2022లో జరిగిన ఒక సంఘటనను ఇక్కడ స్మరించక తప్పదు. ఖాజాగూడలో నివసిస్తూ మాదాపూర్‌లోని ఒక కార్యాలయంలో హౌస్‌కీపింగ్ పని చేసే బాలమ్మ గారికి బుగ్గ లోపల మానని పుండు. అక్కడి నుంచి తీసిన ముక్కతో చేసిన మొదటి స్లైడులు చూసిన వైద్యులు ఎటూ తేల్చలేకపోయారు. మిగిలిన ఒకే ఒక పొరను కొత్త లేజర్ పరీక్ష కోసం రంగు వేయకుండా ఉంచారు. ఆ ఉదయం రత్నమాల గారు పాత అలవాటు చొప్పున దానినీ తక్కిన స్లైడులతో కలిపి రంగులో ముంచారు. బయటికి తీశాకే పొరపాటు తెలిసింది.

"శాంపిల్ చాల్లేదని రాసేద్దాం మేడమ్. ఎవరూ అడగరు," అన్నారు శాస్త్రవేత్త ఉదయ్ భాస్కర్, ఆమె మీది గౌరవంతోనే.

"చాల్లేదన్న కాగితం చూసి మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమందండీ? ఆవిడ ఇక రాదు," అన్నారు రత్నమాల గారు. రిజిస్టరులో తన పేరుతోనే తప్పు రాసి సంతకం చేసి, ఆ సాయంత్రమే ఖాజాగూడ వెళ్లారు.

"తప్పు నాదేనమ్మా. మీ ముక్క నా చేతుల్లో పాడైంది. ఇంకోసారి తియ్యాలి."

బాలమ్మ గారు బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్నారు. "నొప్పికి రెండు దినాలు బువ్వ తినలే మేడమ్. ఫోన్ల చెప్తే నేను రాకపోతుంటి. ఇంటిదాంక వచ్చి తప్పు ఒప్పుకున్నవ్. సరే, వస్త. నువ్వు పక్కన ఉండాలె."

"ఉంటానండి," అన్నారు, ఉన్నారు.

రంగు వేయకుండా చూసిన రెండో ముక్కలో పీచుల అల్లిక తెగి చెదిరి కనిపించింది. వైద్యులు తక్కిన పరీక్షలతో సరిపోల్చి తొలిదశ క్యాన్సర్‌గా నిర్ధారించి, శస్త్రచికిత్స చేశారు. తన పొరపాటు వల్ల మధ్యలో గడిచిపోయిన పదకొండు రోజులను రత్నమాల గారు నేటికీ మరువలేదు. మరచిపొమ్మంటే మా మీద కోప్పడతారు.

ఈ జూలై 31న ఆమె పదవీ విరమణ చేస్తున్నారని తెలిసి, గత నెల పరీక్షకు వచ్చిన బాలమ్మ గారు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఆ దినం నువ్వు రాకుంటే నేను ఈడ ఉండకపోతుంటి. నా ఆయుష్షు గూడ నువ్వే పోసుకో మేడమ్."

మా అందరి ముందూ రత్నమాల గారు కంటతడి పెట్టడం అదే మొదటిసారి. "మీ ఆయుష్షు మీకే ఉండాలమ్మా. ఆ రోజు నేను వచ్చింది అందుకే కదా," అన్నారు.

వారిరువురికీ నిండు నూరేళ్ల ఆయురారోగ్యాలు కలగాలని సహోద్యోగులమందరం మనసారా ఆకాంక్షిస్తున్నాము.