చప్పుడు కంటే ముందు చేరిన బండి

"నాకు చెవే మీటరు," అన్నాడు గులాం మొహిద్దీన్ మేస్త్రీ, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే. "స్క్రూడ్రైవరు అందరి దగ్గరా ఉంటదిరా పుల్లయ్యా. చెవి ఎవడికుంది చెప్పు?"

పుల్లయ్య బండి వైపు చూశాడు. గురజాల బస్టాండు ఎదురుగా, పిచ్చమ్మ టీ కొట్టు రేకుల నీడలో స్టాండు వేసి ఉంది బండి. సినిమా హాలు యజమాని హనుమంతరావు మద్రాసు హార్బరు వేలంలో కొన్న పాత ఫారిన్ మోటారు సైకిలు అది. ఒకే ప్రింటుతో గురజాలలో రెండింటికి, దాచేపల్లిలో మూడింటికి మ్యాట్నీ వేస్తారు. ఇక్కడ ఆడిన రీళ్ళను రేకు డబ్బాల్లో పెట్టుకుని అక్కడికి చేరవేయడం పుల్లయ్య పని. పోయిన ఆదివారం ఒక రీలు పది నిమిషాలు ఆలస్యమైతే దాచేపల్లి జనం సీట్లు బ్లేళ్ళతో కోసిపెట్టారు. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే స్కూటరున్న మనిషిని పెట్టుకుంటానని హనుమంతరావు మొహం మీదే చెప్పేశాడు.

ఇప్పుడు పన్నెండున్నర.

పొద్దున బండి బాగానే నడిచింది. రీలు డబ్బాలకు ఇనప స్టాండు బిగించబోతే, ఇంజను పక్కన ఒక నల్ల డబ్బా అడ్డం వచ్చింది. మొహిద్దీన్ దాన్ని రబ్బరు పైపుతో సహా ఊడబెరికాడు. మూత విప్పితే లోపల బొగ్గు పలుకులు. "బండిలో బొగ్గులేందిరా, ఇదేమన్నా నడికుడి రైలింజనా?" అని పడీపడీ నవ్వి వాటిని పిచ్చమ్మకిచ్చాడు. ఆమె నాలుగు పలుకులు కుంపట్లో వేయగానే భగ్గున మంట లేచి కనుబొమలు కమిలాయి. పెట్రోలు ఆవిరి గాల్లో కలవకుండా పీల్చి, మళ్ళీ ఇంజనుకే పంపే ఏర్పాటు అయ్యుంటుందని బల్ల మీద టీ తాగుతున్న బాబూరావు అన్నాడు. ఆయన హైస్కూల్లో సైన్సు ల్యాబు అటెండరు. మొహిద్దీన్ ఆ మాట లెక్కచేయలేదు. "మన పల్నాడు గాలికి అయన్నీ ఎందుకండీ?" అన్నాడు.

అప్పట్నించీ బండికి పిచ్చెక్కింది. స్టార్టు చేస్తే ఎవరూ చెయ్యి వేయకుండానే గుర్రుమని రేసవుతోంది. ఐడిలింగు స్క్రూ కాస్త తగ్గిస్తే దగ్గి ఆగిపోతోంది. మధ్యలో ఎక్కడా నిలవదు.

"మాచర్ల సర్వేయరు బండి సంగతి నీకు చెప్పలా?" అన్నాడు మొహిద్దీన్.

"బాబాయ్, ముందు ఈ బండి సంగతి చూడు."

"దీని సంగతే చెప్తన్నా. గాలి స్క్రూ కుడికి పావు తిప్పు. తిప్పి స్టార్టు చెయ్యి. చేస్తా ఇను. ఎత్తిపోతల రోడ్డులో సర్వేయరు బండి ఆగిపోయింది. నేను అటు నడిచిపోతన్నా. చూశా. పెట్రోలు వచ్చే జెట్టులో నలకపడింది. ఆయన భార్య జడపిన్ను అడిగి తీసుకుని, నలక లాగి, గాలి స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర తిప్పు విప్పా. అంతే, బండి కదిలింది."

"ఇది నిజమే అయ్యుంటది," అన్నాడు బాబూరావు. కాస్త నిరాశపడినట్టే అన్నాడు.

పుల్లయ్య స్క్రూ పావు తిప్పి కిక్కు కొట్టాడు. బండి గుర్రుమని లేచింది. పిచ్చమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, తన పంపు స్టవ్వు వంక చూసింది. "ఇదేంది, గాలి సుయ్యిమంటంది?" అని స్టవ్వు మూత బిగించింది.

"ఇప్పుడు ఎడమకి అర తిప్పు," అన్నాడు మొహిద్దీన్. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు సర్వేయరు వెతుక్కుంటా వచ్చాడు. మేస్త్రీ, అర లీటరుతో గుంటూరు పోయి వచ్చా, నువ్వేం చేశావయ్యా అన్నాడు. ఇంకా చేసిందేముంది, కూచోమని ఇంకో వెంట్రుకవాసి తిప్పా. ఆ వెంట్రుకవాసే తప్పయింది. పిడుగురాళ్ళ దాటేసరికి ట్యాంకులో పెట్రోలు పెరగడం మొదలుపెట్టింది."

"పెరగడమేంది మేస్త్రీ?"

"పెరగడమంటే పెరగడమే, బాబూరావు గారూ. పాలు పొంగినట్టు మూతలో నించి కారిపోతంది. పాపం సర్వేయరు బిందె అరువు తెచ్చుకుని పట్టాడు. బిందె నిండింది. రోడ్డున పోయే లారీ ఆపి దానికి పోశాడు. ఆ లారీ విజయవాడ పోయి వచ్చింది. ఏరా, తిప్పావా?"

పుల్లయ్య తిప్పాడు. బండి దగ్గి ఆగింది. కుడికి పావు, ఎడమకి అర, అంతకుముందు కుడికి ఒకటి. మొత్తం ఎన్ని తిప్పులైందో అతనికి గుర్తు లేదు. లెక్కపెడదామనుకుంటే మధ్యలో బిందె, లారీ అడ్డం వస్తున్నాయి. మేస్త్రీ నిజంగా తెలిసే చెబుతున్నాడా, తెలియక చెబుతున్నాడా అన్నది కూడా తేలడం లేదు. ఒంటిగంట మాచర్ల బస్సు వచ్చి నిలబడింది.

"బాబాయ్, రెండున్నరకి మొదటి డబ్బా కట్టుకుని పోవాల."

"పోదువులే. ఐడిలింగు పెంచి కొట్టు. నేను ఇక్కణ్ణించే ఇంటా. ఇదేమన్నా దూరమా? ఒకసారి పొందుగల రేవులో కూచోనున్నా. కృష్ణ అవతల, వాడపల్లి గట్టున ఎవడో బండి స్టార్టు చేస్తన్నాడు. మనిషి చీమంత కనపడతన్నాడు. బండి కనపట్లా. చప్పుడు మాత్రం వచ్చింది, నీళ్ళ మీద నించి. దానికి నత్తి. మూడు కొట్టుళ్ళకి ఒకటి మింగుతంది. నేను లేచి నిలబడి, ఎడమకి పావు తిప్పరా అని కేకేశా. వాడు తిప్పాడు. మింగడం పోయింది. ఏట్లో చేపలు కూడా ఊపిరి పీల్చుకున్నయ్."

"నువ్వు విన్నావు, సరే," అన్నాడు బాబూరావు. "నీ కేక వాడికెట్టా వినపడింది?"

"వాడిదీ మంచి చెవే అయ్యుంటది," అన్నాడు మొహిద్దీన్ తడుముకోకుండా.

బండి మళ్ళీ గుర్రుమంది. పిచ్చమ్మ స్టవ్వు ఆర్పేసి, పంపు విప్పి, వాషరు మార్చి, మళ్ళీ బిగించింది. చెవి పెట్టి వింది. మొహం చిట్లించింది. "ఆర్పినా సుయ్యిమంటదేంది?"

"టీ ఆపమాక పిచ్చమ్మక్కా, అసలుది ఇప్పుడొస్తంది," అన్నాడు మొహిద్దీన్. గొంతు తగ్గించాడు. "ఆ సర్వేయరు బండినే చివరిసారి ట్యూనింగు చేశా. నా జన్మలో అట్టాంటి ట్యూనింగు మళ్ళీ కుదరలా. నేను ముందు, ఆయన వెనక. మాచర్లలో గేరు వేశా. నరసరావుపేటలో బ్రేకేశా. మధ్యలో ఊళ్ళు కనపళ్ళా, ఈపూరోడు ఒకడు తుమ్మితే మాత్రం మీద పడింది."

"ఈపూరు ఆ దారిలో లేదు గదా!"

"అదే చెప్తన్నా, ఆ ఊపులో అటు కూడా పోయొచ్చినట్టున్నాం. పేటలో దిగాం. ఒకటే నిశ్శబ్దం. బండి ఆపామా లేదా అన్నది కూడా తెలవట్లా. హోటల్లో ఇడ్లీ తిన్నాం, టీ తాగాం, సర్వేయరు పేపరు సగం చదివాడు. అప్పుడు, మాచర్ల రోడ్డు వైపు నించి డుబుడుబుమని వచ్చింది."

"ఏంది?"

"చప్పుడు! మా బండి చప్పుడు. పావుగంట వెనకబడింది పాపం. వచ్చి హోటలు ముందు నిలబడి అటూ ఇటూ చూస్తంది. నేనే బయటికి పోయి, అదుగో బండి అక్కడుంది పో అని చూపించా."

బాబూరావు నోట్లో టీ ముక్కులోకి పోయింది. పుల్లయ్య నవ్వలేదు. బస్టాండు గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. అతని చేతివేళ్ళన్నీ నల్లబడ్డాయి, స్క్రూ గాడి అరిగింది. దాచేపల్లిలో జనం టిక్కెట్లకు లైను కట్టే ఉంటారు. "బాబాయ్," అన్నాడు, "నీకు తెలవకపోతే తెలవదని చెప్పు. నేను అద్దె సైకిలు మీదైనా పోతా."

మొహిద్దీన్ మొహంలో ఏదో కదిలింది. కానీ నోరు అలవాటు ప్రకారమే తెరుచుకుంది. "నాకు తెలవకపోవటమేందిరా? ఇంకొక్కసారి కొట్టు, ఇంటా."

పుల్లయ్య ఆఖరి కిక్కు కొట్టాడు. బండి లేచి అరుస్తోంది. పిచ్చమ్మ ఈసారి స్టవ్వు వైపు చూడలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, బండి పక్కన వంగింది. కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య, పెన్సిలంత లావున ఒక ఇత్తడి గొట్టం నోరు తెరుచుకుని ఉంది. పొద్దున ఊడబెరికిన రబ్బరు పైపు తగిలించి ఉన్న చోటు అది. ఆమె దాని మీద బొటనవేలు పెట్టింది.

వేలు లోపలికి పీల్చినట్టయింది. అరుపు ఆగింది. ఇంజను ఒకసారి తడబడి, మెల్లగా, నిదానంగా టుక్కుటుక్కుమని తిరగసాగింది. పిచ్చమ్మ వేలు తీసింది. మళ్ళీ గుర్రు. పెట్టింది. మళ్ళీ టుక్కుటుక్కు.

"నా స్టవ్వుకి వాషరు పోయినా ఇదే చప్పుడు," అంది. "గాలి దొంగతనంగా లోపలికి పోతంటే మీరు స్క్రూలు తిప్పితే ఏమయిద్ది?"

కొట్టులో స్టవ్వు కోసం దాచిన సైకిలు ట్యూబు ముక్క తెచ్చి, గొట్టం మీద మడతపెట్టి సన్నతీగతో గట్టిగా చుట్టింది. పుల్లయ్య గాలి స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర తిప్పు విప్పాడు. పొద్దుటినించీ మేస్త్రీ చెప్పినవాటిలో అదొక్కటే పనికొచ్చింది. ఏక్సిలేటరు తిప్పి వదిలాడు. బండి లేచి, దిగి, నిలిచింది.

పిచ్చమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మొహిద్దీన్ వైపు తిరిగింది. "ఏమయ్యా మేస్త్రీ, కృష్ణకి అవతల బండి నత్తి వినపడ్డ చెవులే గదా ఇవి? పొద్దుటినించీ మూరెడు దూరంలో సుయ్యిమంటంటే వినపళ్ళా?"

మొహిద్దీన్ అగ్గిపుల్ల తీసి చెవిలో పెట్టుకుని తిప్పుకున్నాడు. కుడికి పావు, ఎడమకి అర.

పుల్లయ్య ఆగలేదు. ఎక్కి కూర్చుని హాలు వైపు మలుపు తిరిగిపోయాడు. టుక్కుటుక్కు సన్నబడి ఆగిపోయింది. మొహిద్దీన్ ఇంకా ఆ మలుపు వంకే చూస్తున్నాడు, గ్లాసు చేతిలో అలాగే ఉంది.

"వాడూ పోయాడు, వాడి చప్పుడూ వాడితోనే పోయింది," అంది పిచ్చమ్మ. "వెనకమాల ఏం రాదు గానీ, ఆ గ్లాసు ఇటియ్యి, కడుక్కోవాల."