పడమటి గోడకి అద్దం

పడమటి గోడకే పెట్టండి బాబూ కిటికీ అద్దం! ఎన్నిసార్లు సెప్పాల? ఇంజినీరు సదివినోరు మీరే గానీ, ఈ ఇంట్లో ఉండీది నాను కాదేటి?

తెలుసు, తెలుసు. తోట తూరుపేపుంది. మందారాలు, కనకాంబరాలు, అన్నీ నా సేత్తో ఏసినవే. కొత్త గది అటు తెరిత్తే పొద్దున్నే ఎలుతురు ఇల్లంతా నిండుతాది. పడమరకి పెడితే ఎండాకాలం వేగిపోతాం. అర్థమైనాది లెండి.

ఈ కొంప ఇంత సీకటెందుకో అడగరేటి? మా ఆయన పుణ్యం! బతుకంతా ఈ హిందీ ఊళ్ళో ఉక్కు ఫేక్టరీలో ఫర్నేస్ డ్యూటీ, మంటల ముందే. ఇంటికొచ్చాక కళ్ళకి ఎలుగు పనికిరాదు, సిన్న కిటికీలు సాలన్నాడు. గోవింద్‌పూర్‌లో ఈ ఇల్లు కట్టినప్పుడు ఎంత మొత్తుకున్నాను! వంటింటికి ఒక్క పెద్ద కిటికీ అన్నాను, తోటేపు. ఊహూఁ. పట్టపగలు లైటేసుకుని బియ్యంలో రాళ్ళేరుకున్నాను బాబూ. కళ్ళజోడొచ్చింది గానీ కిటికీ రాలేదు.

మరిప్పుడేటయినాది? పక్కింట్లో మా మరిది పెళ్ళాం హేమ గాజుగది కట్టించినాది. దాని మొహం, అదీ ఓ తోటేనా, నాలుగు గులాబీ కుండీలు! ఈయన రిటైరయ్యాడా, ఇక తెల్లారితే అక్కడే. కుర్చీ ఏసుకుని, కాళ్ళు సాపుకుని "వాహ్! క్యా ధూప్ హై!" అని ఆ ఎండని మెచ్చుకుంటాడు. పైగా నాతోనే, "సూర్యకాంతం, ఇల్లంటే ఇలాగుండాల" అన్నాడు. సిగ్గుండక్కర్లేదేటి?

బావగారొత్తే కొంగు సరుదుకుని లోపలికెళ్ళిపోవాలని మా అత్త నాకు నేర్పింది. ఇదేమో అల్లం దంచి టీ ఇత్తాది, ఎదురుగా కూకుని కబుర్లాడతాది!

ఛీ ఛీ, అలాటిదేం కాదు బాబూ. పిల్ల మంచిదే. అదే నా కడుపుమంట! చెడ్డదయితే తిట్టుకునైనా బతికీదాన్ని.

నవ్వకండి. నాకు ఎలుతురుతో పనేటి, సీకటి అలవాటైపోనాది. ఆ కుర్చీ మా ఇంట్లో పడాల. ఆ మడిసి నా సేతి టీ తాగి, నా మందారాల్ని సూసి, ఒక్కసారి వాహ్ అనాల. అంతే.

సరే, మీ మాటే కానీండి. పెద్ద తలుపు తోటలోకే పెట్టండి. కానీ పడమటి గోడకి ఓ అద్దం ముక్కయినా ఉండాల. ఎందుకంటే ఏటి సెప్పను? ఇంత సేసి గది కట్టినా, ఆయన రాపోతే?

అటేపే కదా హేమ గది. ఇక్కణ్ణించైనా కనపడతాడు.